నిద్ర చేసిన పెట్టె

హరినాథ్ గారి చేతిలో ఇంతవరకు ఒక్క సర్క్యూట్ కూడా కాలిపోలేదు. ఈ సంగతిని ఆయన కొత్తవారికి పరిచయ వాక్యంగాను, పాతవారికి హెచ్చరికగాను చెబుతుండేవారు. నెల్లూరులో ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ శాఖకు అధిపతిగా ఉండి పదవీ విరమణ చేసిన మనిషి. ఆయన మాటను కాదనగలవారెవరు? అయితే, కాలిపోవాలంటే ముందు సర్క్యూట్ అంటూ ఒకటి చేతిలో ఉండాలి గదా అన్న సందేహం ఆయన కింద పనిచేసిన వారికి లేకపోలేదు. ఆ సందేహాన్ని వారు, ఆయన పదవిలో ఉన్నంత కాలం భయం కొద్దీ, ఆ తరువాత అవసరం లేక, పైకి అనలేదు.

వీడ్కోలు సభలో విద్యార్థులు ఆయనకు ఒక శాలువా కప్పి, ఒక మంచి సోల్డరింగ్ ఐరన్‌ను రంగుకాగితంలో చుట్టి బహూకరించారు. శాలువాను ఆయన చలికాలంలో వాడుతున్నారు. రంగుకాగితం మాత్రం విప్పలేదు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పుతో ఏ పరికరం చేయదలచినా ముందు దానిని కంప్యూటర్‌లో గీయాలి. అక్కడే తీగలు కలపాలి, అక్కడే ప్రోగ్రామ్ ఎక్కించాలి, అక్కడే నడిపించి చూడాలి. జరగవలసిన తప్పులన్నీ అక్కడే జరిగిపోవాలి. తెర మీద జరిగిన తప్పుకు ఖర్చు లేదు, పొగ రాదు, చూసి నవ్వేవాడు ఉండడు. ఇది నిజానికి లోకమంతా ఒప్పుకున్న పద్ధతే. కాకపోతే లోకం ఆ తరువాత నిజంగా చేసి చూస్తుంది. హరినాథ్ గారు ఆ తరువాతి భాగాన్ని కొంచెం కింది తరగతి పనిగా భావించేవారు.

పదవీ విరమణానంతరం ఆయన, భార్య చెంచులక్ష్మి గారి వైపు ఊరికి వచ్చి స్థిరపడ్డారు. చిట్టమూరు దాటి సముద్రం వైపు పోతే ఒకప్పుడు వరిమళ్లు కనిపించిన చోట ఇప్పుడు రొయ్యల గుంటలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని చెంచులక్ష్మి గారి తమ్ముడు నరేంద్రబాబువి. రొయ్య మహా సుకుమారమైన ప్రాణి. నీళ్లలో గాలి చాలకపోతే బతకదు. అందుకని గుంటల్లో కరెంటుతో తిరిగే చక్రాలు నీళ్లను చిలుకుతూ ఉంటాయి. కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వేయాలి. తెల్లవారుజామున కరెంటు పోయి, వేయవలసిన మనిషి కునుకు తీశాడా, పొద్దు పొడిచేసరికి గుంట తెల్లగా తేలుతుంది. దానితోపాటు యజమాని కూడా తేలతాడు.

ఆ వేయవలసిన మనిషి పేరు చిన్నపోలయ్య. చేపలు పట్టే పల్లెకారుల కుటుంబం. జనరేటర్ పక్కనే మంచం వేసుకుని పంట పొడుగునా కాపలా ఉంటాడు. సూళ్లూరుపేటలో ఉన్న కూతురింటికి పోయి ఒక్క రాత్రి ఉండి రావాలని అతని కోరిక. నరేంద్రబాబు, కరెంటు పోగానే జనరేటర్‌ను దానంతట అదే నడిపించే పెట్టె ఒకటి షాపులో కొందామనుకున్నాడు.

ఆ మాట హరినాథ్ గారి చెవిన పడింది. “ఇంట్లో నేనుండగా పెట్టెను బజారులో కొంటావా?” అన్నారు. అన్న తరువాత ఇక వెనక్కి పోవడానికి లేదు.

ఆ పూట మొదలు ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కూర్చోవడమేమిటి, తపస్సు చేశారు. ఒక పంట కాలం గడిచిపోయింది. పెట్టె తెర మీదే ఉంది. రెండో పంటకు రొయ్యపిల్లలు వేశారు. పెట్టె ఇంకా తెర మీదే ఉంది. నరేంద్రబాబు వారం వారం వచ్చి వరండాలో కూర్చునేవాడు.

“బావా, ఈ పంటకన్నా వస్తాదా మీ పెట్టె?”

“వస్తుంది. నిన్న దాని మీద పిడుగు వేశాను. తట్టుకుంది.”

“మీ పిడుగు తట్టుకుంటే నాకేంది బావా? నా గుంట మీద పడే పిడుగు వేరే గదా.”

“పిడుగు ఏదైనా వోల్టేజీ ఒక్కటే. ఎలుకలు తీగ కొరికితే ఏమవుతుందో కూడా చూశాను.”

“కంప్యూటర్లో ఎలక కూడా ఉండాదా?”

“ఎలుక లేదు. ఎలుక కొరికిన తీగ ఉంది.”

కాఫీ తెచ్చిన చెంచులక్ష్మి గారు ఊరుకోలేదు. “తెర మీద ఎలకల్ని గడగడ వణికిస్తాడు మీ బావ. అటక మీద ఎలక కనపడితే మాత్రం కుర్చీ ఎక్కి నన్ను పిలస్తాడు రా అబ్బయ్యా.”

హరినాథ్ గారు ఇటువంటి మాటలను విననట్టు ఉండడం అలవాటు చేసుకున్నారు. ఆయన దృష్టిలో తెర మీది గుంట అసలు గుంట కంటే మేలైనది. అక్కడ బురద లేదు, దోమ లేదు, బావమరిది లేడు. కరెంటు పోయిందన్న గుర్తును ఒక్కసారి నొక్కితే చాలు, ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఎర్రలైటు పక్కన జనరేటర్ బొమ్మ తిరిగేది. ఆ బొమ్మను ఆయన రోజుకు ఎన్నిసార్లు తిప్పేవారో ఆయనకే తెలియదు. ఆయుధపూజ నాడు చెంచులక్ష్మి గారు ల్యాప్‌టాప్‌కు కూడా కుంకుమ బొట్టు పెడితే, “ఇది యంత్రం, అమ్మవారు కాదు” అని స్పిరిట్‌తో తుడిచి వేశారు.

కార్తిక మాసం వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఒకటి పుట్టి, ఎటు పోదామా అని ఆలోచిస్తోందని వార్తల్లో చెప్పారు. నరేంద్రబాబుకు అంతకు ముందు పంటను తెల్లమచ్చ తెగులు తినేసింది. ఈ పంట చేతికి రాకపోతే గుంటలను వేరేవాళ్లకు అప్పగించి తాను వాటి గట్టు మీదే మేత చల్లే పనికి కుదరవలసిందే. అతడు ఈసారి వరండాలో కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

“బావా, శుక్రవారానికి ఇస్తే ఇయ్యండి. లేకుంటే షాపులో తెచ్చుకుంటా. ఏమనుకోవద్దు.”

హరినాథ్ గారు నెల్లూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే హెన్రీ అనే అతనికి తెర మీది బొమ్మను పంపి, అలాగే తయారు చేయమన్నారు. “బొమ్మలో ఉన్న తీగ ఒక్కటి తగ్గకూడదు, లేనిది ఒక్కటి పెరగకూడదు” అని మరీ మరీ చెప్పారు. రెండో రోజు హెన్రీ ఫోన్ చేశాడు.

“సార్, పని అయిపోయినాది. చిప్పుకు రెండు మూడు కాళ్లు మిగిలిపోయినాయి సార్. బొమ్మలో లేవు. కత్తిరించేయమంటారా?”

“కత్తిరించవద్దు. బొమ్మలో లేని వాటి జోలికి నువ్వు పోవద్దు. తయారుచేసినవాడు కొన్ని అదనంగా ఇస్తాడు. అలాగే వదిలేయి.”

“సరే సార్, నాకూ పని తక్కువ” అన్నాడు హెన్రీ సంతోషంగా.

శుక్రవారం నాడు ప్రారంభోత్సవం. మంచి సమయం చూడమని నరేంద్రబాబు భార్య సుప్రియ అడిగింది. హరినాథ్ గారు చూశారు. చూసి, క్యాలెండర్‌లో రాహుకాలం ఎక్కడుందో అక్కడే వేలు పెట్టి, “ఈ సమయానికే” అన్నారు. సుప్రియ బుగ్గలు నొక్కుకుంది.

“అన్నయ్యా! రాహుకాలంలో కొత్త చీర కూడా కట్టం గదా!”

“చీరకు ప్రోగ్రామ్ ఉండదమ్మా. దీనికి ఉంది. ఎలక్ట్రాన్‌కు రాహువు తెలియదు, కేతువు తెలియదు. మన జనానికి ఈ విషయం ఒకసారి కళ్లారా చూపించవలసిన అవసరం ఉంది.”

అలాగే రాహుకాలం నడిమధ్యలో, జనరేటర్ షెడ్డు గోడకు పెట్టెను బిగించారు. పక్క గుంటల వాళ్లు కూడా వచ్చారు. సుప్రియ ఆయన అటు తిరిగినప్పుడు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. కొబ్బరికాయను మాత్రం హరినాథ్ గారు పదడుగుల అవతలే కొట్టించారు. నీళ్లు పడితే ఏమవుతుందో తెర మీద చూసి ఉన్నారు.

చిన్నపోలయ్య తల గోక్కుంటూ ముందుకొచ్చాడు. “సామీ, ఒకతూరి మెయిన్ ఆపి సూద్దామా? ఊరికే పోతావుంటే నాకు కాళ్లు సాగవు.”

హరినాథ్ గారు చిరునవ్వు నవ్వారు. అజ్ఞానం మీద ఆయనకు కోపం లేదు, జాలి. “పోలయ్యా, అన్నం ఉడికిందా లేదా అని ఒక మెతుకు పట్టి చూస్తాం. నేను ఈ అన్నాన్ని మెతుకు మెతుకూ పట్టి చూశాను. ఇప్పుడు వడ్డించిన విస్తట్లో మళ్లీ చెయ్యి పెట్టి పిసకమంటావా?”

అందరూ నవ్వారు. చిన్నపోలయ్య కూడా నవ్వి వెనక్కి తగ్గాడు. హరినాథ్ గారు ల్యాప్‌టాప్ తెరిచి మేత బస్తాల మీద పెట్టి, కరెంటు పోయిందన్న గుర్తును నొక్కారు. జనరేటర్ బొమ్మ గిర్రున తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. గోడ మీది పెట్టె వైపు ఎవరూ చూడలేదు. దండ వేశాక దేవుడి వైపు మాత్రం అదేపనిగా ఎవరు చూస్తారు?

“పోలయ్యా, సాయంత్రం బస్సుకు పో. కూతురింట్లో కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపో” అన్నాడు నరేంద్రబాబు.

భోజనాలయ్యాయి. హరినాథ్ గారు ఇంటికి వచ్చి, పడక కుర్చీలో వాలి, ఒక ఘనకార్యం చేసిన మనిషికి మాత్రమే పట్టే కునుకు తీశారు. ఆ కునుకు నుంచి ఆయనను సుప్రియ ఫోన్ లేపింది.

“అన్నయ్యా, తిట్టబాకండి. పెట్టెకు ఎర్రలైటు వెలగతా ఉంటాదని చెప్పినారు గదా. పొద్దున్నుంచి సూస్తావుండా, వెలగలే. ఎండకు కనపడలేదేమో అనుకున్నా. ఇప్పుడు మబ్బు కమ్మింది, అయినా కనపడలే. నా కుంకుమ అడ్డం పడిందేమోనని తుడిచి కూడా సూసినా.”

“కంగారు పడవలసింది ఏమీ లేదు. నేను పరిశీలిస్తాను” అని ఆయన ఫోన్ పెట్టేసి, లేచి వెళ్లి పరిశీలించారు. దేన్ని? తెర మీది పెట్టెను. అక్కడ ఎర్రలైటు చక్కగా వెలుగుతోంది. ఆయన మనసు కుదుటపడింది. లోపం ఎక్కడున్నా తనలో లేదు.

కానీ మనసు కుదుటపడ్డ చోటే హెన్రీ గొంతు వినిపించింది. మిగిలిపోయిన కాళ్లు. బొమ్మలో లేని కాళ్లు. ఆయన తెర మీది చిప్పు మీద మెల్లగా రెండుసార్లు నొక్కారు. ఎన్నడూ తెరవని ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. దాచిన కాళ్లు అని అందులో ఒక మాట ఉంది. దాన్ని నొక్కగానే అంతవరకు లేని కాళ్లు చిప్పుకు బయటకు పొడుచుకు వచ్చాయి. అవి కరెంటు తీసుకునే కాళ్లు. బొమ్మ గజిబిజి కాకుండా ఉండాలని ఆ సాఫ్ట్‌వేర్ వాటిని దాచి, గీసే మనిషికి శ్రమ ఎందుకని, కరెంటును తనంతట తానే లోపల కలిపేసుకుంటుంది. తెర మీద ఏ చిప్పూ ఆకలితో ఉండదు. అడగకముందే అన్నం పెట్టే తల్లి ఇంట్లో పెరిగిన బిడ్డ అది.

గోడ మీది చిప్పుకు ఆ తల్లి లేదు. కరెంటు పోయిందని కనిపెట్టవలసిన పెట్టెకు అసలు కరెంటే ఇవ్వలేదు.

ఇటువంటి జవాబుకు హరినాథ్ గారు తరగతిలో సున్నా వేసేవారు. వేసి, ఆ కాగితాన్ని పైకెత్తి అందరికీ చూపించేవారు. కిటికీలోంచి చూస్తే తూర్పున మబ్బు దున్నపోతుల మందలా దిగుతోంది. ఈ రాత్రి కరెంటు పోతుంది. పోకపోతే అది ఆ తీరమే కాదు. సాయంత్రం బస్సు ఎక్కడానికి చిన్నపోలయ్య ఈపాటికి స్నానం చేస్తూ ఉంటాడు.

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. “నరేంద్రబాబూ, చిప్పుకు కరెంటు ఇవ్వడం మరిచాను” అన్న వాక్యాన్ని మనసులో కూర్చుకున్నారు. వ్యాకరణరీత్యా అందులో ఏ దోషమూ లేదు. అయినా ఫోన్ కింద పెట్టారు. పెడితే రొయ్యలు చస్తాయి. మళ్లీ తీసుకున్నారు. తీస్తే తన పరువు చస్తుంది. చివరికి ఫోన్ జేబులో వేసుకుని స్కూటర్ తాళం తీశారు.

“ఎక్కడికి?” అన్నారు చెంచులక్ష్మి గారు.

“గుంటల దగ్గరికి.”

“వాన వచ్చేటట్టు ఉండాదే.”

“అందుకే.”

ఆమె భర్త ముఖం వైపు ఒక్కసారి చూసి, కొంగు నడుముకు దోపుకుని, “నేనూ వస్తా పదండి” అని వెనుక ఎక్కారు.

వారు చేరేసరికి చిన్నపోలయ్య తెల్లచొక్కా తొడిగి, సంచీ భుజాన వేసుకుని, నరేంద్రబాబుతో పోయొస్తానని చెబుతున్నాడు. హరినాథ్ గారు షెడ్డులోకి వచ్చి నిలబడ్డారు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది; వచ్చి, అక్కడున్న జనాన్ని చూసి, వెనక్కి తిరిగింది. దిక్కుతోచని ఆయన చూపు గోడ మీద వేలాడే క్యాలెండర్ మీద పడింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికింది.

“నరేంద్రబాబూ, పొరపాటు జరిగింది. పొరపాటు నాదే” అన్నారు.

ఆ మనిషి నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. చెంచులక్ష్మి గారు కూడా చేయి గడ్డం కింద పెట్టుకుని విన్నారు.

“ఈ పెట్టెను రాహుకాలంలో పెట్టాం. పెట్టకూడదు.”

నరేంద్రబాబు నోరు తెరిచాడు. “మీరే గదా బావా, రాహుకాలమే కావాలని పట్టుబట్టినారు!”

“పట్టుబట్టాను. ఇంటికి వెళ్లాక నా మనసు మనసులో లేదు. ఈ పెట్టె ఈ రాత్రి ఇక్కడ ఉండకూడదు. నిద్ర చేయాలి.”

“నిద్రా?”

“మనం మొక్కు ఉన్నప్పుడు గుడికి పోయి ఒక రాత్రి నిద్ర చేసి రామా? అలాగే ఇది మా ఇంట్లో దేవుడి మూల ఒక రాత్రి నిద్ర చేసి, రేపు మంచి గడియలో వస్తుంది. ఈ రాత్రికి పోలయ్య ఉండవలసిందే.”

సుప్రియ రెండు చేతులూ జోడించింది. “నేను పొద్దున్నే అనుకున్నా అన్నయ్యా! అందుకే లైటు వెలగలే!”

“అందుకే” అన్నారు హరినాథ్ గారు. ఆ ఒక్క మాటకు ఆయన తమ ఆయుష్షులో కొంత భాగం ఖర్చు చేశారు.

చిన్నపోలయ్య భుజాన ఉన్న సంచీని చూసుకున్నాడు, దండ వేసుకున్న పెట్టెను చూశాడు. “అంటే, పెట్టెకు నిద్ర, నాకు జాగారమా సామీ? ఏం పెట్టిపుట్టినాది ఇది!”

హరినాథ్ గారు తమ గొడుగును అతని చేతిలో పెట్టి, తల దించుకుని, పెట్టెను ఊడదీయించి, చెంచులక్ష్మి గారి ఒడిలో పెట్టుకుని రమ్మని ఇంటికి తెచ్చారు. దారి పొడుగునా ఆమె పెట్టె మీది బంతిపూల దండను సర్దుతూ కూర్చున్నారు. అది ఆయనకు వాయుగుండం కంటే భయంకరంగా తోచింది.

ఇంట్లో ఆమె దేవుడి మూల పీట వేసి, పెట్టెను పెట్టి, దీపం వెలిగించి, వంటింట్లోకి వెళ్లారు. హరినాథ్ గారు బీరువా తెరిచి, రంగుకాగితంలోని బహుమతిని ఇన్నేళ్లకు విప్పారు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుందని ఆయన లెక్కలేనంత మందికి పాఠం చెప్పారు. ఎక్కడ పట్టుకుంటే కాలుతుందో మాత్రం ఆ సాయంత్రమే తెలుసుకున్నారు. వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ పట్టుకున్నారు. మొదటి తీగ అతకలేదు. రెండోసారి పక్క కాలికి అతుక్కుంది. దాన్ని ఊడదీసి మళ్లీ పెట్టారు. హెన్రీ కాళ్లు కత్తిరించలేదు గదా అని లోలోపల ఎవరికో దండం పెట్టుకున్నారు. సన్నగా పొగ లేచింది, గుగ్గిలం వాసనతో.

వంటింట్లోంచి గొంతు వినిపించింది. “సాంబ్రాణి వేసినారా?”

“ఊఁ.”

“కొంచెం ఎక్కువ పడినట్టుండాది. కిటికీ తెరవండి.”

ఆయన కిటికీ తెరిచి, బ్యాటరీ కలిపి, పెట్టె ప్లగ్గును గోడకు పెట్టారు. ఎర్రలైటు వెలిగింది. తెర మీద అన్నాళ్లు చూసిన లైటే. అయినా ఇది పసుపు రాసిన పెట్టె మీద, దీపం పక్కన, చిన్న ఎర్ర గింజలా వెలుగుతుంటే ఆయన కాసేపు చూస్తూ ఉండిపోయారు. తరువాత గోడలోంచి ప్లగ్గు లాగారు. పెట్టెలోంచి ‘టిక్’ మని శబ్దం వచ్చింది. జనరేటర్‌ను లేపే శబ్దం. ఆ శబ్దం తెర మీద ఉండదు. తన పెట్టెకు ఒక గొంతు ఉందని ఆయనకు అంతవరకు తెలియదు. ప్లగ్గు పెట్టి మళ్లీ లాగారు. టిక్. మళ్లీ లాగారు. టిక్.

“బల్లి పలకతా ఉండాది” అన్నారు చెంచులక్ష్మి గారు లోపలి నుంచి. “మీరు మనసులో ఏమనుకున్నారో అది నిజమే.”

ఆ రాత్రి గాలీ వానా కొట్టాయి. పొద్దు పొడవగానే చిన్నపోలయ్య గొడుగు తిరిగి ఇవ్వడానికి వచ్చాడు, వెంట నరేంద్రబాబు. ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు, ఇద్దరి ముఖాల్లోనూ వెలుగు.

“తెల్లారుజామున పోయింది సామీ కరెంటు. అప్పుడే లేసి జనరేటర్ తిప్పినా. ఒక్క రొయ్య తేలలే” అన్నాడు చిన్నపోలయ్య.

నరేంద్రబాబు వచ్చి బావ కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు. “రాహుకాలంలో పెట్టిన పెట్టె రాత్రి పని చేసుండేదా? చేసేది కాదు. పోలయ్య సూళ్లూరుపేటలో ఉండేవాడు, నా పంట గట్టు మీద ఉండేది. మీరు ముందే కనిపెట్టినారు బావా!”

హరినాథ్ గారు ఆ వాదనను అన్ని వైపుల నుంచీ పరిశీలించారు. హేతువు పూర్తిగా తప్పు. నిర్ణయం అక్షరాలా ఒప్పు. అటువంటి జవాబుకు ఎన్ని మార్కులు వేయాలో ఆయన సర్వీసులో ఎన్నడూ తేల్చుకోవలసి రాలేదు.

ఆ రోజు మంచి గడియలో పెట్టె గోడ ఎక్కింది. ఈసారి ఎవరూ అడగకముందే హరినాథ్ గారు స్వయంగా వెళ్లి మెయిన్ ఆపారు. టిక్. జనరేటర్ గర్జించింది, చక్రాలు తిరిగాయి. “నిద్ర చేసిన పెట్టె గదా, చురుగ్గా ఉండాది” అంది సుప్రియ. చిన్నపోలయ్య సాయంత్రం బస్సుకు కూతురింటికి పోయి, మూడు రోజుల దాకా రాలేదు. పెట్టె పని చేస్తోందనడానికి నరేంద్రబాబుకు అంతకు మించిన రుజువు దొరకలేదు, తిట్టుకోవడానికి అంతకు మించిన కారణమూ దొరకలేదు.

మాట గట్టు గట్టునా పాకింది. షాపుల్లో పెట్టెలు కొన్నవాళ్లు కూడా వాటిని పసుపుగుడ్డలో చుట్టుకుని హరినాథ్ గారి దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నిద్ర ఎట్టా చేయించాలి సార్ అని అడిగారు. మొదట ఆయన కసిరి పంపుదామనుకున్నారు. కానీ కసిరితే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. అందుకని విధానం చెప్పారు. సాయం సంధ్యలో ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి, తెల్లవారి స్నానమయ్యాక ఒకసారి కరెంటు తీయాలి. తీసిన ప్రతిసారి పెట్టె టిక్కుమని పలకాలి. పలికితే గోడకెక్కించవచ్చు. పలకకపోతే దోషం ఉన్నట్టు. కొన్నచోటికే తిరిగి పంపాలి.

జనం ఆ విధానాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. అన్నేళ్లు తరగతిలో, పరీక్షించకుండా దేన్నీ నమ్మవద్దని ఆయన చెబితే విన్న విద్యార్థి ఒక్కడూ ఆయనకు జ్ఞాపకం లేడు. ఇప్పుడు చిట్టమూరు నుంచి సముద్రం దాకా, పరీక్షించని పెట్టె ఒక్కటీ గోడ మీద లేదు. విద్యాబోధనలో తాను ఇన్నాళ్లూ వాడని పనిముట్టు ఇదేనా అని ఆయనకు చేదుగా అనిపించేది. అంతకంటే చేదుగా ఉండే మాట మరొకటి ఉంది. వచ్చిన ప్రతివాడూ వెళ్లేటప్పుడు ఆ మాట అనే వెళ్లేవాడు: “అంత చదువుకున్న హరినాథ్ గారే నమ్మినారు, మనమెంత!”

ఒక ఉదయం హజరత్తయ్య అనే రైతు తన పెట్టెను ఒడిలో బిడ్డలా పట్టుకుని వచ్చాడు. “మూడు తూర్లు తీసినా సార్. పలకలే. దోషం ఉండాది. శాంతి చేయించాల్నా?”

హరినాథ్ గారు పెట్టెను వరండాలో పెట్టించి, స్క్రూడ్రైవర్ తెప్పించి మూత విప్పారు. ఇప్పుడు మూతలు విప్పడం ఆయనకు అలవాటైపోయింది. వేలి మీద కాలిన మచ్చ మాత్రం ఉంది. ఒక తీగ స్క్రూ కింద నుంచి జారి బయటికి వచ్చి ఉంది. ఎందుకో ఆ ఉదయం ఆయనకు నిజం చెప్పాలనిపించింది.

“శాంతి ఏమీ అక్కరలేదు హజరత్తయ్యా. గ్రహం లేదు, దోషం లేదు. లోపలి చిప్పుకు కరెంటు అందలేదు. అంతే.”

హజరత్తయ్య నమ్మలేదు. పెద్దాయన తనను ఆట పట్టిస్తున్నారనుకుని గట్టిగా నవ్వాడు. “ఊరుకోండి సార్! కరెంటు పెట్టెకు కరెంటు ఇయ్యకుండా ఎవడన్నా పంపతాడా? అంత తెలివి తక్కువోడు ఈ లోకంలో ఉంటాడా?”

హరినాథ్ గారు మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నారు. ఇంతలో చెంచులక్ష్మి గారు రెండు కాఫీ గ్లాసులతో బయటికి వచ్చి, ఒకటి రైతు చేతికి ఇచ్చి, రెండోది భర్త పక్కన పెట్టారు.

“ఉంటారులే అబ్బయ్యా” అన్నారామె, చాలా మామూలుగా. “ఒక రాత్రి నిద్ర చేస్తే బాగుపడతారు.”

హరినాథ్ గారు తల ఎత్తలేదు. తీగను దాని చోట పెట్టి, స్క్రూ బిగించి, ప్లగ్గు గోడకు పెట్టి లాగారు.

పెట్టె టిక్కుమంది.